కట్టెచేపల అయివారు

మదనపల్లె టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో నేను బోర్డు ముందు కూర్చుని ఉండగా ఒక పొద్దున పుంగనూరు నుంచి ట్రంక్ కాల్ వచ్చింది. మామూలుగా అయితే ఇటువాళ్ళను అటువాళ్ళకు కలిపి ఊరుకోవడమే నా పని. ఆ రోజు అవతలి ఆపరేటరు నా గొంతు గుర్తుపట్టి, “ఈ కాలు నీకేనమ్మా” అంది. తర్వాత అక్కడి హైస్కూలు హెడ్మాస్టరు మాట్లాడాడు. మా బావ తెల్లవారి లేవలేదని, గుండె ఆగిపోయిందని, అక్కను తీసుకుని వెంటనే రమ్మని చెప్పాడు.

అక్క అప్పటికి కొన్నేళ్ళుగా మదనపల్లెలో నా దగ్గరే ఉంటోంది. మా వీధి చివర నేతగాళ్ళ ఇంట్లో పట్టు కండెలు చుట్టేది. నేను వెళ్ళి విషయం చెప్పినప్పుడు రాట్నం ఆపలేదు. దారం చివరిదాకా వచ్చాక ముడి వేసి, కండె తీసి పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

“చీర మార్చుకోనొస్తా, ఉండు” అంది.

మేం పుంగనూరు చేరేసరికి ఇంటి ముందు షామియానా వేసి ఉంది. బావ పనిచేసిన స్కూలు వాళ్ళు, వీధిలోవాళ్ళు, జీపులో వచ్చిన ఒక పెద్దమనిషి బెంచీల మీద కూర్చుని ఉన్నారు. అందరి నోటా ఒకే మాట. “ఎంత ఓర్పప్పా ఆ మనిషికి! ఒక్క చేప కంటికి రంగేసేదానికి పూటంతా కూర్చుంటాండె” అని ఒకరు. “ఎవుర్నీ ఒక మాట అన్న మనిషి గాదు” అని ఇంకొకరు. అక్క గడప దగ్గర కూర్చుని అన్నీ విన్నది. నేను పక్కన కూర్చుని లోలోపల కాలిపోయాను. వాళ్ళు చెప్పిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ మనిషి ఎవర్నీ ఒక మాట అనలేదు. అందుకే ఆయన మీద నాకున్న కోపాన్ని ఎవరికీ చెప్పుకోలేక ఇన్నాళ్ళూ దాచుకున్నాను.

మా బావ క్రాఫ్టు టీచరు, ఊరివాళ్ళ మాటలో అయివారు. హైస్కూల్లో పిల్లలకు వడ్రంగం నేర్పేవాడు. డెబ్బైల మొదట్లో అక్కను చేసుకున్నప్పుడు ఆయనకు కుప్పంలో ఉద్యోగం. అక్కడ రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఆంగ్లో ఇండియన్ ముసలాయన ఒకడుండేవాడు. ఊళ్ళో అందరూ దొర అనేవారు. దొర ఆదివారం పూట వానపాము లేకుండా, పిండి ముద్ద లేకుండా, రంగులేసిన కొయ్యబొమ్మను దారానికి కట్టి చెరువులోకి విసిరి చేపలు పట్టేవాడు. అది చూసి మా బావకు మతిపోయింది. దొర దగ్గర విరిగిపోయిన బొమ్మ ఒకటి అడిగి తెచ్చుకుని, విప్పి చూసి, అలాంటిదే తనూ చేశాడు. అది మునిగిపోయింది. ఇంకోటి చేశాడు. అది పక్కకు ఒరిగింది. ఆ తర్వాత బతికినంతకాలం చేస్తూనే ఉన్నాడు. ఒక్కదాన్నీ అమ్మలేదు. “అమ్మితే కూలి అయిపోతాది. ఇది కూలి గాదు” అనేవాడు.

సెలవులకు నేను కుప్పం వెళ్ళినప్పుడల్లా ఆయన వసారాలో స్తంభానికి ఆనుకుని, కాళ్ళు చాపుకుని, తొడ మీద గోనెపట్టా వేసుకుని చెక్కుతూ కనిపించేవాడు. బూరుగు కట్టె ముక్కను ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. బొటనవేలు నాలికకు తడి చేసి కట్టె మీద రుద్ది, చార ఎటు పోతోందో చూసేవాడు. కత్తితో ఆకారం తెచ్చాక గాజుపెంకుతో గీకి, ఉప్పుకాగితంతో రుద్ది నున్నగా చేసేవాడు. పొట్టలో సీసం పోసేవాడు. పాత పౌడరు డబ్బా రేకు కత్తిరించి గడ్డం కింద నాలుకలా దిగ్గొట్టేవాడు. ఆ రేకు వల్లే అది నీళ్ళలో లాగినప్పుడు తల ఆడిస్తూ ఈదుతుందట. దోమతెర ముక్క ఒంటికి చుట్టి పైనుంచి రంగు అద్ది, ఆరాక తెర ఊడదీస్తే పొలుసులు అచ్చు పడేవి. కళ్ళకు గాజుపూసలు. అన్నీ అయ్యాక చెవి దగ్గర పెట్టుకుని ఊపి వినేవాడు. ఏం వినిపించేదో, ఒక్కోసారి తలూపి నవ్వుకునేవాడు.

“బావా, కట్టెను చేపెట్ల తింటాది?” అని అడిగాను ఒకసారి.

“తినేదానికి రాదు మే” అన్నాడు. “ఆకలైన చేపను వానపాము జూపించి ఎవుడైనా పడతాడు. కడుపు నిండిన చేపకు కోపం తెప్పీల. కోపమొస్తే అది కట్టెనైనా కరస్తాది.”

నాకు ఆ మాట చాలా గొప్పగా తోచింది. ఆ వయసులో బావంటే నాకు గొప్పే.

అక్కకు కొడుకు పుట్టాడు. మా నాయన బిడ్డను పడుకోబెట్టి ఊపడానికి పనస కట్టెతో తొట్టిల చేయించి, మదనపల్లె నుంచి బస్సు మీద వేయించి కుప్పం పంపాడు. పిల్లవాడు పాకడం మొదలుపెట్టాక వాడి ప్రయాణమంతా ఒకవైపుకే. మోకాళ్ళ మీద నేరుగా వసారాలోకి పోయి, తండ్రి ముందు కూర్చుని, ఆ రంగుల చేపల మీదికి చెయ్యి చాపేవాడు. బావ విసుక్కునేవాడు కాదు. కత్తి పక్కన పెట్టి, వాడిని రెండు చేతులతో ఎత్తుకొచ్చి, వంటింట్లో అక్క దగ్గర దింపి, మళ్ళీ పోయి కూర్చునేవాడు. వాడు మళ్ళీ పాకేవాడు. ఆయన మళ్ళీ ఎత్తుకొచ్చేవాడు.

“గాలాలుంటాయి. బిడ్డకు గుచ్చుకుంటాయి” అనేవాడు.

నిజమే, గుచ్చుకుంటాయి. కాని గాలం తగిలించని చేపలు ఆ పెట్టెలో ఎన్నో ఉండేవి. వాటిలో ఒక్కటి కూడా వాడి చేతికి ఇవ్వలేదు.

వాడు అడుగులు వేస్తున్న రోజుల్లో జ్వరం వచ్చి, ఫిట్సు వచ్చాయి. ఆ రోజు ఆదివారం. బావ దొరతో చెరువుకు పోయి ఉన్నాడు. పక్కింటివాళ్ళు అక్కను, పిల్లవాడిని ఆసుపత్రికి తీసుకుపోయారు. మనిషిని పంపి బావను పిలిపించేసరికి అంతా అయిపోయింది. దాన్ని నేను ఆయన మీద వేయను. ఆయన ఇంట్లో ఉన్నా బిడ్డ బతికేవాడు కాదని డాక్టరే చెప్పాడు. కాని కర్మ అయిన మర్నాడు, చుట్టాలు ఇంకా ఇంట్లో ఉండగానే, ఆయన మళ్ళీ ఆ స్తంభం దగ్గర గోనెపట్టా వేసుకుని కూర్చున్నాడు. అక్క వంటింటి వాకిట్లో నిలబడి చాలాసేపు చూసింది. ఏడుపు ఒక్కొక్కరికి ఒక్కోలా వస్తుందని పెద్దవాళ్ళు సర్దిచెప్పారు. నేనూ అలాగే అనుకున్నాను. ఎన్నాళ్ళో అలాగే అనుకుంటూ వచ్చాను.

తర్వాత పుంగనూరుకు ట్రాన్స్ఫరైంది. సామాన్లతో పాటు తొట్టిల కూడా లారీలో వచ్చింది. అక్క దాన్ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టించింది. వాళ్ళకు మళ్ళీ పిల్లలు కలగలేదు.

ఒక దసరా సెలవుల్లో నేను వెళ్ళేసరికి ఆ తొట్టిల పెరట్లో విప్పి ఉంది. పక్కచెక్కలు నిలువునా చీల్చి ఉన్నాయి. బావ ఒక ముక్కను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు.

“ఇదేంది బావా?”

“పనస కట్టె గదా మే. బాగా మాగిండాది. నీళ్ళు తాగదు. రంగు గూడా అక్కర్లేదు, సూడు, బంగారం మాదిరి ఉండాది.”

“అక్కను అడిగినావా?”

ఆయన నిజంగా అర్థంకానట్టు నా ముఖంలోకి చూశాడు. “ఊరికే అటక మింద పడుండె గదా” అన్నాడు.

అక్క చేట తీసుకుని వచ్చింది. ఆయన చుట్టూ పడిన పొట్టును, చెక్కపేళ్ళను ఒంగి ఏరుకుంది. “పొయ్యిలోకి పనికొస్తాయి” అంది నన్ను చూడకుండా. వాటితోనే పొయ్యి రాజేసి కాఫీ పెట్టింది. నేను తాగలేకపోయాను. బావ తాగి, బాగుందన్నాడు.

మా అమ్మకు చెబితే, “తాగడు, కొట్టడు, ఇంగొకదాని ఇంటికి పోడు. ఇంగేం గావాలంట దానికి?” అంది. వీధిలో ఆడవాళ్ళు కూడా అక్కను చూసి అదృష్టవంతురాలు అనేవాళ్ళు. వాళ్ళ మొగుళ్ళు తాగివచ్చి తన్నేవాళ్ళు మరి.

కరువు పట్టిన ఏడాది పుంగనూరులో బావులన్నీ ఎండిపోయాయి. వీధి కొళాయిలో నీళ్ళు ఎప్పుడో ఒకనాడు వచ్చేవి. అక్క బిందెలు వరసలో పెట్టి, పొద్దంతా ఎండలో నిలబడి, మోసుకొచ్చి పెరట్లో సిమెంటు తొట్టి నింపుకునేది. తాగడానికీ వంటకూ అవే. బావ స్కూలు నుంచి వచ్చి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, కొత్తగా చేసిన చేపకు దారం కట్టుకుని తిన్నగా ఆ తొట్టి దగ్గరికి పోయేవాడు. చెరువుల్లో నీళ్ళు లేవు, మరి చేప ఈదుతుందో లేదో ఎక్కడ చూడాలి?

“దాంట్లో వద్దు. తాగే నీళ్ళు” అనేది అక్క.

“రవ్వంత సేపే” అనేవాడు బావ.

వార్నీషు వాసన, నూనె తెట్టు నీళ్ళ మీద తేలేవి. ఆయన ఈ చివర నుంచి ఆ చివరకు చేపను లాగుతూ, “ఈదు నాయనా, ఈదు” అని ముద్దుగా పలికేవాడు. అంత ముద్దుగా ఇంకెవరితోనూ పలకగా నేను వినలేదు. తర్వాత అక్కను పిలిచేవాడు. “ఇట్ల రా, ఎట్ల ఈదుతాందో సూడు!” అక్క వచ్చి చూసేది. “బాగుండాది” అనేది. ఆయన లోపలికి పోయాక ఆ నీళ్ళు చెంబుతో తోడి వేపచెట్టు మొదట్లో పోసి, మళ్ళీ బిందె తీసుకుని వీధిలోకి పోయేది. ఆయనకు అది తెలియదని కాదు. బిందె పట్టుకుని ఎదురొచ్చిన భార్యకు పక్కకు తప్పుకుని దారి ఇచ్చేవాడు.

ఆయన చేపల పేరు మెల్లగా ఊరు దాటింది. ఇంజనీర్లు, డాక్టర్లు జీపుల్లో వచ్చేవారు. బావ ఒక్కో చేపను దూది పరిచిన పెట్టెలో నుంచి తీసి వాళ్ళ చేతిలో పెట్టి, ముఖంలోకి చూస్తూ కూర్చునేవాడు. వాళ్ళు ఆహా అంటే చాలు, అది వాళ్ళకే ఇచ్చేసేవాడు. వాళ్ళకు టీ ఇవ్వడానికి అక్క చక్కెర కోసం పక్కింటికి పోయేది. తొట్టిల కట్టెతో చేసిన చేపను మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. రంగు వేయకుండా ఉత్త వార్నీషు పట్టించి, చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు.

కరువు తీరి వానలు పడ్డాక చెరువులు నిండాయి. ఒక ఇంజనీరు, ఆయన భార్య జీపులో వచ్చి, మదనపల్లె రోడ్డులో చెరువుంది, పోదాం రమ్మన్నారు. ఆడమనిషి వస్తోంది కదా అని బావ అక్కను కూడా బయల్దేరమన్నాడు. నేను ఆ రోజు సెలవు పెట్టి అక్కడే ఉన్నాను. అక్క చిత్రాన్నం, వడలు చేసి టిఫిన్ క్యారియరులో సర్దింది. పెళ్ళయ్యాక ఆయనతో కలిసి చెరువుకు పోవడం ఆమెకు అదే మొదలు.

గట్టు మీద నిలబడి బావ నీళ్ళలోకి వేలు చూపించాడు. ఒకచోట నీళ్ళు ఎర్రగా, సన్నగా ఉడుకుతున్నట్టు కనిపించాయి.

“అవి కొరమీను పిల్లలు సార్. గుంపుగా తేలతాండాయి. కింద తల్లి ఉంటాది.”

“పిల్లల్ని తినడానికా?” అంది ఇంజనీరు భార్య.

“కాదమ్మా. కాపలా. ఏదన్నా దగ్గిరికొస్తే మీదబడి కరస్తాది. అందుకే దీన్ని పట్టేది సులభం.”

జేబులో నుంచి ఆ పసుపుపచ్చ చేపను తీసి, దారానికి కట్టి, ఎర్రటి గుంపు నడిమధ్యకు విసిరాడు. లాగాడు. ఏమీ రాలేదు. మళ్ళీ అక్కడికే విసిరాడు. “కోపం రావాల” అన్నాడు మెల్లగా. మళ్ళీ విసిరాడు. నీళ్ళు ఒక్కసారి పగిలినట్టు లేచాయి. చేతిలోని గాలపు గడ విల్లులా ఒంగింది. ఇంజనీరు చప్పట్లు కొట్టాడు. బావ తొందరపడకుండా, వదులుతూ లాగుతూ, నల్లటి పెద్ద చేపను గట్టు మీదికి తెచ్చాడు. అది మట్టిలో కొట్టుకుంటోంది. నోట్లోని కట్టెను మాత్రం ఇంకా కొరుకుతూనే ఉంది.

అక్క ముందుకు వచ్చింది. “ఇప్పుడా పిల్లలేమైతాయి?”

“ఏమైతాయి? పెద్ద చేపలు తింటాయి, కొంగలు తింటాయి” అన్నాడు బావ పటకారుతో గాలం ఊడదీస్తూ. “యాల అడుగుతాండావు?”

“దాన్ని వదిలెయ్. పిల్లల కాడికి పోనీ.”

అక్క ఆయన్ను ఏదైనా చెయ్యమని అడగడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఇంజనీరుకు ఏమనిపించిందో, “పోనీండి అయివారూ, వదిలేద్దాం” అన్నాడు.

“అట్లెట్ల సార్? మీకిస్తానని చెప్పినా గదా” అని నవ్వాడు బావ. చేపను గోనెసంచిలో వేసి మూతి కట్టాడు. కట్టెచేపను నీళ్ళలో కడిగి, పంచె అంచుతో తుడిచి, కొరికినచోట పంటి గాట్లను వేలితో తడిమి చూసుకున్నాడు. నీళ్ళ మీది ఎర్రటి మచ్చ అప్పటికే వెడల్పయి, పలచబడి, విడిపోతోంది.

అక్క టిఫిన్ క్యారియరు ఇంజనీరు భార్య చేతికి ఇచ్చింది. గట్టు దిగి రోడ్డు మీదికి నడిచింది. నేను వెనకే పరుగెత్తాను. మదనపల్లె బస్సు వస్తుంటే చెయ్యెత్తింది. ఎక్కాక నాతో అన్నది ఒకే మాట. “కిటికీ పక్కన నేను కూర్చుంటా.”

బావ కొన్నాళ్ళకు వచ్చాడు. మా ఇంటి తిన్నె మీద కూర్చున్నాడు. అమ్మ కాఫీ ఇచ్చి, కూతుర్ని వెంటపెట్టుకుని పొమ్మని కళ్ళతోనే బతిమాలింది. అక్క గుమ్మంలో నిలబడింది.

“యాల వచ్చేస్తివి?” అన్నాడు.

“ఊరికే.”

“నేనేమన్నా అంటినా?”

“లేదు.”

“కొడితినా?”

“లేదు.”

“మల్ల?”

“నువ్వేం జేసినావో నేను జెప్తే, అవునా అంటావు. అంతే గదా. ఆ అవునా ఇనేదానికి నాకి శక్తి ల్యా.”

ఆయన తల వంచుకుని ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. తర్వాత తలెత్తి, “అవునా?” అన్నాడు.

అక్క లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కూడా ఆయన అప్పుడప్పుడు వచ్చేవాడు. తిన్నె మీద కూర్చుని, కొత్తగా చేసిన చేప గురించి అమ్మకు చెప్పి, కాఫీ తాగి, బస్సుకు పోయేవాడు. చిక్కిపోయింది లేదు, గడ్డం పెంచింది లేదు. తొట్టిలో నీళ్ళెవరు నింపుతున్నారని నేను అడిగితే, ఎదురింటామె పుణ్యమని చెప్పాడు. ఆయనకు అక్క లేని లోటు ఎక్కడైనా కనిపిస్తుందేమోనని నేను ప్రతిసారీ వెతికాను. కనిపించి ఉంటే ఈపాటికి క్షమించి ఉండేదాన్నేమో.

ఆ మనిషి ఇప్పుడు షామియానా కింద పండుకుని ఉన్నాడు. చేపల పెట్టె స్కూలుకు ఇస్తే అద్దాల బీరువాలో పెడతామని హెడ్మాస్టరు అడిగాడు. “తీస్కోండి” అంది అక్క. జీపులో వచ్చినాయన జ్ఞాపకంగా ఒకటి కావాలన్నాడు. దానికీ అదే జవాబు. పెట్టె తెరిచి చూడను కూడా లేదు.

పురోహితుడు వచ్చి, కొరివి ఎవరు పెడతారని అడిగాడు.

“అయివారికి పిల్లల్లేరు స్వామీ” అన్నాడు హెడ్మాస్టరు. “తమ్ముడి కొడుకు వస్తాండాడు.”

“ఒకడుండె” అంది అక్క.

బెంచీల మీది వాళ్ళందరూ ఇటు తిరిగారు. హెడ్మాస్టరు దగ్గరికి వచ్చాడు. “ఏమమ్మా?”

“కొడుకు. నడిచే బిడ్డ. కుప్పంలో పోయినాడు.”

“ఇన్నేండ్లు నా పక్కన కూర్చోని అన్నం తిన్న మనిషి. ఒక్కనాడు గూడా చెప్పలేదే తల్లీ!”

నీళ్ళు పట్టిపెట్టిన ఎదురింటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. “నేనడిగితి ఒకసారి” అంది. “మాకి పిల్లలు పుట్టనే ల్యా అన్నాడు నాతో.”

అక్క ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి ఒక్కసారి కూడా శవం వైపు చూడలేదు. అప్పుడు చూసింది.

“పుట్టనే ల్యా అన్నాడా?” అంది.

అక్క లేచి, గడప దాటి, షామియానా కిందికి వచ్చి, ఆడవాళ్ళ మధ్యన కింద కూర్చుంది. కొడుకు పేరు చెప్పింది. అందరికీ వినిపించేలా, రెండుసార్లు చెప్పింది. వాడు ఏ వారం పుట్టాడో, ముందు ఏ పన్ను వచ్చిందో, పెరుగన్నం అంటే ఎట్లా నోరు తెరిచేవాడో, రైలు కూత వినపడితే ఎట్లా ఉలిక్కిపడి తన మెడ పట్టుకునేవాడో చెప్పింది. కంట నీళ్ళు రాలేదు. ఎదురింటామె ఏడుస్తూ ఊకొట్టింది. తమ్ముడి కొడుకు వచ్చాడు, స్నానం చేయించారు, పాడె కట్టారు. శవాన్ని భుజాల మీదికి ఎత్తి వీధి మలుపు తిరిగేదాకా అక్క చెబుతూనే ఉంది.

ఆ తర్వాత అక్కడ బావ గురించి ఎవరూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు.